ఒలకని గ్యాస్ క్యాన్ ఎందుకు ఒలుకుతోంది? అమెరికాలోని తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో సొంత ఇల్లు కొనుక్కున్న తొలి వేసవిలోనే గడ్డి కోసే మోవర్, దాని వెంటే ఒక ఎర్రటి ప్లాస్టిక్ గ్యాస్ క్యాన్ (పెట్రోలు డబ్బా; ఇక్కడ పెట్రోలునే గ్యాస్ అంటారు) గరాజ్‌లోకి వచ్చి చేరతాయి. క్యాన్ మీద ‘ఒలకదు’ అని అచ్చు వేసి ఉంటుంది. మొదటిసారి పోసినప్పుడే పెట్రోలు బూట్ల మీద పడుతుంది. ఆ తరువాత పుట్టే సందేహాలకు ఈ పేజీలో సమాధానాలు ఉన్నాయి.

పాత క్యాన్లతో లేని ఇబ్బంది కొత్తవాటితో ఎందుకు వస్తోంది?

మన ఊళ్లలో కిరాణా కొట్టువారు పదిహేను కిలోల నూనె డబ్బాకు ఒక మూల చిల్లు పెట్టి, దాని ఎదురు మూలన మరో చిన్న చిల్లు పెట్టేవారు. ఆ రెండోది నూనె కోసం కాదు, గాలి కోసం. అది లేకపోతే నూనె గుడగుడమంటూ ఆగి ఆగి దూకుతుంది. ఒకప్పుడు అమెరికాలో అమ్మిన గ్యాస్ క్యాన్లలో చాలావాటికి వెనుకవైపు సరిగ్గా ఇలాంటి గాలి రంధ్రమే ఉండేది. దాని బుల్లి మూత తెరిచి క్యాన్ వంచితే పెట్రోలు సన్నని ధారగా, నిలకడగా పడేది.

కొత్త క్యాన్లకు ఆ వెనుక రంధ్రం లేదు. పెట్రోలు బయటికి వచ్చేదీ, దాని స్థానాన్ని నింపడానికి గాలి లోపలికి వెళ్లేదీ ఒకే మూతి గుండా జరగాలి. ఇందుకోసం గొట్టం లోపల పెట్రోలుకు ఒక దారి, దాని పక్కనే గాలికి మరో సన్నని దారి ఉంచుతారు. పైగా గొట్టంలో స్ప్రింగ్‌తో పనిచేసే వాల్వ్ ఉంటుంది. దానిని నొక్కి పట్టుకున్నంతసేపే పెట్రోలు వస్తుంది, వదిలేస్తే మూసుకుపోతుంది. కొన్నింటిలో వేలితో మీట నొక్కాలి, కొన్నింటిలో గొట్టానికి ఉన్న కొక్కేన్ని ట్యాంకు అంచుకు ఆనించి క్యాన్‌నే కిందికి అదమాలి. ఏ రకమైనా, గాలి దారి ఇరుకు కావడమే అసలు చిక్కు. కింద వచ్చే ప్రశ్నల్లో చాలావాటికి మూలం ఇదే.

ఇలా మార్చమని ఎవరు చెప్పారు?

దీని వెనుక ఒక చట్టం కాదు, వేర్వేరు ఉద్దేశాలతో వేర్వేరు కాలాల్లో వచ్చిన నాలుగు నిబంధనలు ఉన్నాయి. అందుకే నేటి క్యాన్ ఒకే మనిషి ఆలోచించి చేసిన వస్తువులా అనిపించదు.

మొదటిది కాలిఫోర్నియాది. లాస్ ఏంజెలిస్ వంటి నగరాల మీద కమ్ముకునే పొగమంచులాంటి కాలుష్యానికి పెట్రోలు ఆవిరి కూడా ఒక కారణం. గరాజ్‌లలో మూత సరిగా పెట్టకుండా వదిలేసిన క్యాన్ల నుంచి, ప్లాస్టిక్ గోడల గుండా మెల్లగా ఊరే ఆవిరి నుంచి, పోసేటప్పుడు ఒలికే పెట్రోలు నుంచి గాలిలో కలిసేది రాష్ట్రం మొత్తం మీద లెక్కిస్తే తక్కువేమీ కాదని అక్కడి వాయు వనరుల మండలి నిర్ణయించింది. ఆ మండలి రూపొందించిన నిబంధనలు 2001 నుంచి అమలయ్యాయి, సవరించినవి 2007 జూలై నుంచి వచ్చాయి.

ఆ బాటలోనే కేంద్ర పర్యావరణ పరిరక్షణ సంస్థ, అంటే ఈపీఏ, 2007లో దేశమంతటికీ వర్తించే నియమం ప్రకటించింది. 2009 జనవరి 1 నుంచి తయారయ్యే క్యాన్ల నుంచి రోజుకు ఒక్కో గ్యాలన్ సామర్థ్యానికి 0.3 గ్రాములకు మించి హైడ్రోకార్బన్లు వెలువడరాదని, పోయడం ఆపగానే గొట్టం దానంతట అదే మూసుకోవాలని ఆ నియమం చెబుతుంది. మూడవది 2008లో వచ్చిన, చిన్నపిల్లలను పెట్రోలు కాలిన గాయాల నుంచి కాపాడే చట్టం. మూతను నొక్కితే గానీ తిరగకుండా చేసింది ఇదే. నాలుగవది 2020 డిసెంబరులో ఆమోదం పొందిన చట్టం. బయటి మంట క్యాన్‌లోకి పాకకుండా అడ్డుకునే జాలి వంటి పరికరం ఉండాలని ఇది ఆదేశించింది. 2023 జూలై 12 తరువాత తయారైన క్యాన్లలో ఇది తప్పనిసరి.

ఈ నాలుగో చట్టానికి ఒక నేపథ్యం ఉంది. ఒక్లహోమా రాష్ట్రంలోని మయామి అనే చిన్న పట్టణంలో (ఫ్లోరిడాలోని మయామి కాదు) బ్లిట్జ్ యూఎస్ఏ అనే కంపెనీ ఉండేది. దేశంలోనే అతిపెద్ద గ్యాస్ క్యాన్ తయారీదారు. మంటల దగ్గర పెట్రోలు పోస్తుండగా ఆవిరి అంటుకుని కాలిపోయినవారు, వారి కుటుంబాలు ఆ కంపెనీ మీద వరుసగా వేసిన దావాల్లో ప్రధాన ఆరోపణ, క్యాన్ మూతిలో మంటను ఆపే జాలి పెట్టలేదన్నదే. దావాల భారంతో కంపెనీ 2011లో దివాలా రక్షణ కోరి, 2012లో మూతపడింది. నిప్పు మీద పెట్రోలు పోయడం తప్పు కదా, కంపెనీ ఏం చేస్తుందని వాదించేవారు ఇప్పటికీ ఉన్నారు. అయితే కొద్దిపాటి ఖర్చుతో పెట్టగల జాలి ఒక పిల్లవాడి ముఖాన్ని కాపాడగలిగితే, అది పెట్టడమే సబబని నా అభిప్రాయం.

ఒలకకుండా చేసిన క్యాన్ అంతకుముందు కంటే ఎక్కువ ఎందుకు ఒలుకుతోంది?

పక్కకు పడిపోయినా, కారు డిక్కీలో దొర్లినా కొత్త క్యాన్ నిజంగానే ఒలకదు. పరీక్షలు ఆ కోణంలోనే జరుగుతాయి. ఒలికేది పోసేటప్పుడు, అదీ మనిషి చేతుల్లో.

పెట్రోలు గ్యాలన్‌కు సుమారు 6 పౌండ్ల బరువు ఉంటుంది. అయిదు గ్యాలన్ల క్యాన్ నిండుగా ఉంటే పెట్రోలే 30 పౌండ్లు, అంటే పదమూడు కిలోలకు పైమాట. ఆ బరువును గాలిలో వంచి పట్టుకుని, అదే సమయంలో బొటనవేలితో గట్టి స్ప్రింగ్‌ను నొక్కుతూ, మోవర్ ట్యాంకు ఎంతవరకు నిండిందో చూడాలి. గొట్టం లావుగా ఉండి ట్యాంకు మూతిని దాదాపు పూర్తిగా కప్పేస్తుంది కనుక లోపల ఏమవుతోందో కనబడదు. నిండిందని తెలిసేసరికి అంచు దాటుతుంది. కంగారులో వేలు వదిలితే వాల్వ్ మూసుకుంటుంది కానీ, వాల్వ్ దాటి గొట్టం కొసలో నిలిచిన పెట్రోలు, గొట్టం పైకి లేపగానే ఇంజిన్ మీద కారుతుంది. కొక్కెం రకం క్యాన్లలో ఇంకో అవస్థ ఉంది. మోవర్ ట్యాంకులు చాలావరకు పల్చటి ప్లాస్టిక్‌వి. వాటి అంచు మీద పదమూడు కిలోలు అదిమితే అంచు వంగుతుంది, కొక్కెం జారుతుంది, అప్పటిదాకా రానన్న పెట్రోలు ఒక్కసారిగా దూకుతుంది.

మరి ఒలకకుండా పోయడం ఎలా?

ముందుగా ఇంజిన్ ఆపి, చేత్తో దగ్గరగా తాకినా వేడి తగలనంతవరకు చల్లారనివ్వాలి. మోవర్‌ను గడ్డి మీద కాకుండా చదునైన కాంక్రీటు మీద నిలబెట్టాలి. గడ్డి మీద ఒలికితే వారం తరువాత అక్కడ పచ్చగడ్డి స్థానంలో పసుపు మచ్చ కనబడుతుంది. ట్యాంకు మూత చుట్టూ ఉన్న గడ్డి ముక్కలను పాత గుడ్డతో తుడిచి, అప్పుడు మూత తీయాలి.

ఇక క్యాన్. వంచకముందే, నిటారుగా ఉన్నప్పుడే, గొట్టాన్ని ముఖానికి దూరంగా తిప్పి మీటను ఒక్క క్షణం నొక్కి వదలాలి. లోపల పేరుకున్న ఒత్తిడి బుస్సుమని బయటికి పోతుంది. ఈ ఒక్క అలవాటుతోనే సగం చిమ్మడాలు ఆగిపోతాయి. తరువాత గొట్టంలో గాలి దారి పైవైపు, పెట్రోలు దారి కిందివైపు ఉండేలా క్యాన్‌ను పట్టుకోవాలి. చాలా గొట్టాల కొసను జాగ్రత్తగా చూస్తే ఒక పెద్ద రంధ్రం, దాని పక్కన ఒక చిన్న రంధ్రం కనిపిస్తాయి. చిన్నది గాలిది. అది కింద ఉంటే ముందుగా దానిలోకే పెట్రోలు వెళ్లి గాలిని అడ్డుకుంటుంది, ధార గుడగుడలాడుతుంది. గొట్టం కొసను ట్యాంకులోకి ఒక అంగుళం మేర దించి, క్యాన్ అడుగును ఎడమ చేత్తో ఎత్తి, నెమ్మదిగా వంచాలి. ఒకేసారి తలకిందులు చేయవద్దు.

ట్యాంకు నిండేదాకా ఎదురుచూడకుండా మధ్యమధ్య ఆపి చూడాలి. ట్యాంకు పై అంచుకు ఒక అంగుళం కిందనే ఆపేయాలి. వేడికి పెట్రోలు వ్యాకోచిస్తుంది కనుక ఆ ఖాళీ అవసరం కూడా. మీట వదిలిన తరువాత గొట్టం కొసను ట్యాంకులోనే మూడు నాలుగు సెకన్లు ఉంచితే నిలిచిపోయిన చుక్కలు అందులోనే పడతాయి. తొందరపడేవారి బూట్ల మీద పడేవి ఆ చుక్కలే.

గరాటు వాడవచ్చా?

తప్పకుండా వాడవచ్చు, నిజానికి వాడడమే మేలు. అయితే కొక్కెం అదిమే రకం క్యాన్‌కు గరాటు అంచు ఆసరా ఇవ్వదు. వేలితో నొక్కే మీట ఉన్న క్యాన్‌తోనే గరాటు బాగా కుదురుతుంది. పెట్రోలుకు వాడిన గరాటును వంటింటి దరిదాపులకు రానివ్వకండి.

ఎండలో క్యాన్ బంతిలా ఉబ్బిపోయింది. పగిలిపోతుందా?

డల్లాస్, ఫీనిక్స్ వంటి చోట్ల జూన్ నెలలో ఈ ప్రశ్న తరచూ వస్తుంది. పెట్రోలు చాలా త్వరగా ఆవిరయ్యే ద్రవం. పాత క్యాన్లలో వదులు మూత గుండా ఆ ఆవిరి ఎప్పటికప్పుడు పోయేది. ఆవిరి బయటికి పోకూడదనే కదా కొత్త క్యాన్ చేసింది, అందుకని అది లోపలే ఉండి గోడలను ఉబ్బిస్తుంది. దానిని తట్టుకునేలానే క్యాన్ తయారవుతుంది కనుక ఉబ్బినంత మాత్రాన పగలదు.

ప్రమాదం ఉబ్బిన క్యాన్‌ను తెరవడంలో ఉంది. దానిని ముందుగా నీడలోకి చేర్చి, గంటసేపు చల్లారనిచ్చి, ఆరుబయట, ముఖం పక్కకు తిప్పుకుని, గొట్టం మీటనో మూతనో కొద్దికొద్దిగా వదులు చేయాలి. మూత ఒక్కసారిగా విప్పితే ఆవిరితోపాటు పెట్రోలు నురుగులా ఎగసి చొక్కా మీద పడుతుంది. నిండుగా ఉన్న క్యాన్ కంటే పావు వంతు మాత్రమే మిగిలిన క్యాన్ బాగా ఉబ్బడం చూసి కొందరు ఆశ్చర్యపోతారు. లోపల గాలికీ ఆవిరికీ చోటు ఎక్కువ ఉన్నప్పుడు అలాగే ఉంటుంది.

చలికాలంలో అదే క్యాన్ నొక్కుకుపోయింది. పాడైనట్టా?

కాదు. చల్లబడిన ఆవిరి కుంచించుకుపోయి గోడలను లోపలికి లాగింది. మీట నొక్కి గాలి పోనిస్తే చాలావరకు మామూలు ఆకారానికి వస్తుంది.

మూతిలో ఉన్న జాలి వల్ల నింపడం కష్టంగా ఉంది. దాన్ని తీసేయవచ్చా?

తీయవద్దు. ఈ పేజీలో నేను ఖచ్చితంగా వద్దని చెప్పే విషయాల్లో ఇది మొదటిది. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది, నేల వెంట పాకుతూ పోయి దూరంలో ఉన్న నిప్పును తాకి, వచ్చిన దారినే మంటగా వెనక్కి రాగలదు. ఆ మంట క్యాన్ మూతిలోకి దూరితే లోపలి ఆవిరి అంటుకుని, మండుతున్న పెట్రోలు మూతి గుండా కొన్ని అడుగుల దూరం బాణంలా చిమ్ముతుంది. జాలిలోని సన్నని రంధ్రాలు మంట నుంచి వేడిని లాగేసి, దానిని లోపలికి పోనివ్వవు.

నింపే కష్టానికి ఉపాయం వేరే ఉంది. పంపు నాజిల్‌ను జాలిలోకి కుక్కి మీటను పూర్తిగా నొక్కితే పెట్రోలు వెనక్కి ఎగదన్ని, నాజిల్ టకటకమని ఆగిపోతుంది. నాజిల్ కొసను జాలి పక్క గోడకు ఆనించి, మీటను సగం కంటే తక్కువ నొక్కి, నెమ్మదిగా పట్టాలి. అయిదు గ్యాలన్లకు మరో నిమిషం పడుతుంది, అంతే.

వెనుకవైపు డ్రిల్లుతో రంధ్రం చేసి, పాతవాటిలా గాలి మూత పెట్టుకోవచ్చా? ఆన్‌లైన్‌లో ఆ మూతలు అమ్ముతున్నారు కదా?

అమ్ముతున్నారు, కొనేవారూ చాలామంది ఉన్నారు. పాత తరహా పొడవాటి గొట్టం, రబ్బరు వాషరుతో బిగించే బుల్లి గాలి మూత, రెండూ కలిపి పది పదిహేను డాలర్లకు దొరుకుతాయి. పెట్టుకున్నవారు పోయడం హాయిగా ఉందని చెబితే అందులో అబద్ధం లేదు, ఎందుకంటే వారు గాలికి దారి ఇచ్చారు. వాటి పొట్లం మీద చిన్న అక్షరాల్లో ‘నీళ్లకు మాత్రమే’ అనో, ‘ఇంధనానికి కాదు’ అనో రాసి ఉండడం మాత్రం గమనించాలి. రేపు ఏదైనా జరిగితే తమ బాధ్యత కాదని అమ్మేవారు ముందే చెప్పిన మాట అది.

నా అభ్యంతరం ఆచరణకు సంబంధించినది. ఎండకు ఉబ్బి, చలికి ముడుచుకునే పల్చటి ప్లాస్టిక్ గోడకు చేసిన రంధ్రం చుట్టూ వాషరు ఎల్లకాలం బిగుతుగా ఉండదు. అక్కడి నుంచి ఊరే ఆవిరి గరాజ్ నేలను పట్టుకుని వాటర్ హీటర్ దాకా పోతుంది. ఆ హీటరులో ఎప్పుడూ వెలిగే చిన్న మంట ఉంటే మిగతాది చెప్పనక్కరలేదు. పైగా అప్పటికే పెట్రోలు పోసి వాడిన క్యాన్‌కు విద్యుత్ డ్రిల్లు పెట్టడమంటే ఆవిరిలో నిప్పురవ్వను పుట్టించడమే. గాలి దారి బాగున్న క్యాన్‌ను కొనుక్కోవడం దీనికంటే తేలిక.

అయితే ఏ క్యాన్ కొనాలి?

రకం కంటే ముందు పరిమాణం చూడాలి. క్వార్టర్ ఎకరం స్థలానికి తోసుకుంటూ నడిచే మోవర్ వాడేవారికి అయిదు గ్యాలన్ల క్యాన్ అనవసరం. ఒక గ్యాలన్ లేదా రెండు గ్యాలన్ల క్యాన్ ఒక చేత్తో లేస్తుంది, మరో చేయి గరాటు పట్టుకోవడానికి మిగులుతుంది, పెట్రోలు కూడా పాతబడకముందే అయిపోతుంది. కొత్త క్యాన్ల మీద నేను విన్న ఫిర్యాదుల్లో చాలావరకు అయిదు గ్యాలన్లవాటి గురించే. జనరేటర్ కోసం పెద్దది తప్పనివారు కూడా దానితోపాటు చిన్నది ఒకటి ఉంచుకుని, మోవర్‌కు దానినే వాడుకోవచ్చు.

రకాల్లో, గొట్టం మీద వేలితో నొక్కే బటన్ ఉన్నవి కొక్కెం అదిమే రకం కంటే చాలా మెరుగు. నో-స్పిల్ అనే పేరుతో వచ్చే క్యాన్లు ఈ పద్ధతిలోనివే. ష్యూర్‌క్యాన్ అనే రకంలో పెట్రోలు అడుగు భాగం నుంచి, తిప్పుకోగల గొట్టం ద్వారా వస్తుంది. క్యాన్‌ను తలకిందులు చేయనక్కరలేదు కనుక నడుము నొప్పి ఉన్నవారికి సుఖం. ధర మాత్రం మామూలు క్యాన్ కంటే బాగా ఎక్కువ.

డబ్బు పెట్టగలిగితే పని స్థలాల్లో వాడే ఉక్కు సేఫ్టీ క్యాన్ మంచిది. జస్ట్‌రైట్, ఈగిల్ వంటి కంపెనీలు దశాబ్దాలుగా వీటిని చేస్తున్నాయి. మూత స్ప్రింగ్‌తో దానంతట అదే మూసుకుంటుంది, లోపల ఒత్తిడి పెరిగితే కొద్దిగా తెరుచుకుని వదిలేస్తుంది, మంటను ఆపే జాలి ఉంటుంది. వీటిలో మొదటి రకానికి ఒకే మూతి, రెండవ రకానికి నింపడానికి ఒకటి, పోయడానికి ఒకటిగా రెండు మూతులు, వంగే లోహపు గొట్టం ఉంటాయి. గాలికి తగిన దారి ఉన్నందున రెండవ రకం పాత క్యాన్ల కంటే కూడా నిలకడగా పోస్తుంది. ప్లాస్టిక్ క్యాన్లు కొన్నేళ్లకు ఒకటి చొప్పున మార్చేవారు చివరికి ఇంతకంటే ఎక్కువే ఖర్చు పెడతారు.

సైనిక పద్ధతి ఉక్కు జెర్రీ క్యాన్ గురించి కూడా అడుగుతుంటారు. 1930ల్లో జర్మన్ సైన్యం కోసం రూపొందించిన ఈ 20 లీటర్ల డబ్బా, మూతి దగ్గర గాలి గొట్టం, పక్కపక్కన మూడు పిడులతో ఇంజనీరింగ్ పరంగా ముచ్చటైన వస్తువు. కానీ ఈపీఏ నియమాలకు తగిన గొట్టంతో, ఇంధనానికి అని స్పష్టంగా రాసి అమ్మేదానినే తీసుకోండి. సైనిక మిగులు సరుకులో తుప్పు పట్టిన లోపలి భాగం బయటికి కనబడదు.

క్యాన్ ఎత్తకుండానే పంపుతోనో సైఫన్‌తోనో పోసుకోవచ్చా?

పోసుకోవచ్చు. బ్యాటరీతో నడిచే ఇంధన పంపులు, చేత్తో పిసికే రబ్బరు బల్బు పంపులు, కొసలో చిన్న గోళీ వాల్వ్ ఉండి పైకీ కిందికీ ఊపితే ధార మొదలయ్యే సైఫన్ గొట్టాలు దొరుకుతాయి. ఇంధనానికి పనికివచ్చేదని రాసి ఉన్నదే కొనాలి. చేపల తొట్టెకు వాడే గొట్టం పెట్రోలులో గట్టిపడి పగులుతుంది. 2023 తరువాతి క్యాన్లలో జాలి అడ్డం ఉండడం వల్ల గొట్టం లోపలికి దిగదు. జాలిని పొడిచి దించేవారు ఉన్నారు, వారి దారి పట్టకండి. ఈ పద్ధతి అంతకుముందు తయారైన, జాలి లేని క్యాన్లకు మాత్రమే.

స్కూటరు ట్యాంకు నుంచి పైపు పెట్టి నోటితో పీల్చి పెట్రోలు తీయడం మనలో చాలామంది కుర్రతనంలో చేసిందే. ఒక్క గుక్క ఊపిరితిత్తుల్లోకి పోయినా ఆసుపత్రి పాలు చేసే పని అది. పొరపాటున మింగినవారిని వాంతి చేయించవద్దు. అమెరికాలో ఎక్కడి నుంచైనా 1-800-222-1222కు ఫోన్ చేస్తే విష చికిత్స కేంద్రంవారు ఏం చేయాలో చెబుతారు.

గ్యాస్ స్టేషన్‌లో క్యాన్‌ను కారులోనే ఉంచి నింపకూడదని ఎందుకు అంటారు?

స్థిర విద్యుత్ వల్ల. కారు డిక్కీలోని తివాచీ మీద గానీ, పికప్ ట్రక్కు వెనుక పరిచిన ప్లాస్టిక్ పొర మీద గానీ క్యాన్ ఉంటే, పెట్రోలు ధార వల్ల పుట్టే విద్యుదావేశం నేలలోకి పోయే దారి లేక పేరుకుంటుంది. నాజిల్ దగ్గరకు రాగానే అది రవ్వగా దూకవచ్చు. అందుకే క్యాన్‌ను నేల మీద పెట్టి, నాజిల్ లోహపు కొస క్యాన్ మూతికి ఆని ఉండేలా పట్టి, మీటను చేత్తోనే నొక్కి ఉంచాలి. మీటకు కొక్కెం తగిలించి పక్కకు వెళ్లకూడదు. పూర్తిగా నింపకుండా 95 శాతం దగ్గర ఆపాలి.

ఇంకొక్క మాట. కొన్ని స్టేషన్లలో 88 అంకె ఉన్న చవక పెట్రోలు ఉంటుంది. అందులో 15 శాతం ఇథనాల్ ఉంటుంది. కొత్త కార్లకు అది సరే కానీ మోవర్లు, జనరేటర్ల వంటి చిన్న ఇంజిన్లకు వాడడాన్ని ఈపీఏ నిషేధించింది. క్యాన్‌లోకి పట్టేది 10 శాతానికి మించని మామూలు 87 రకమై ఉండాలి.

బైకు ఆగిపోతే ఊళ్లో నీళ్ల సీసాలో పట్టించుకునేవాళ్లం. ఇక్కడ అలా కుదురుతుందా?

కుదరదు. ఆమోదం లేని సీసాల్లో పెట్రోలు పట్టడం ఇక్కడ అగ్నిమాపక నిబంధనలకు విరుద్ధం. రంగుల పద్ధతి కూడా గుర్తుంచుకోండి: ఎరుపు పెట్రోలుకు, పసుపు డీజిల్‌కు, నీలం కిరోసిన్‌కు. నీలం క్యాన్‌లో పెట్రోలు పట్టి ఇంట్లో ఉంచితే, రేపు మరెవరో దానిని కిరోసిన్ హీటర్‌లో పోస్తారు.

ఇండియా నుంచి వచ్చిన నాన్నగారు మూత తీయలేకపోతున్నారు. మార్గం ఉందా?

అయిదేళ్లలోపు పిల్లలు తీయలేని మూత కీళ్లనొప్పులున్న పెద్దవారికీ లొంగకపోవడం దీనిలోని లోపమే. చాలావాటిలో చిన్న నొక్కుడు బద్దెను లోపలికి నొక్కి పట్టి, అదే సమయంలో మూత తిప్పాలి. రబ్బరు పూత ఉన్న తోట గ్లోవ్స్ వేసుకుంటే పట్టు దొరుకుతుంది. ఆ బద్దెను కోసేయడం మాత్రం, ముఖ్యంగా మనవలు తిరిగే ఇంట్లో, వద్దు. రెండు వారాలకు సరిపడా పెట్రోలు మోవర్‌లోనే పోసి ఉంచితే నాన్నగారికి క్యాన్ జోలికి వెళ్లే పని ఉండదు.

క్యాన్‌ను ఎక్కడ ఉంచాలి? పెట్రోలు ఎంతకాలం నిలవ ఉంటుంది?

ఇంటికి దూరంగా, వేరుగా కట్టిన షెడ్డు ఉంటే అక్కడ. లేకపోతే వాటర్ హీటరు, ఫర్నేస్, బట్టలారబెట్టే యంత్రం ఉన్న గరాజ్ మూలకు వీలైనంత దూరంగా, నీడలో ఉంచాలి. పెట్రోలు మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా అంటుకునేంత ఆవిరిని వదులుతుంది కనుక మిన్నెసోటా జనవరిలో కూడా ఈ జాగ్రత్త తప్పదు. ఇంట్లో ఎన్ని గ్యాలన్లు ఉంచవచ్చో మీ ఊరి అగ్నిమాపక శాఖ చెబుతుంది.

ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది, తేలికగా ఆవిరయ్యే భాగాలు ముందుగా పోయి మిగిలినది జిగురుగా మారుతుంది. నెల దాటి వాడబోమనుకుంటే కొన్న రోజునే స్టెబిలైజర్ (పెట్రోలు త్వరగా పాడవకుండా ఆపే) ద్రవం కలపాలి. పాతబడ్డాక కలిపితే ప్రయోజనం లేదు. మిగిలిన పాత పెట్రోలును కాలువలోనో చెత్తలోనో పోయకుండా కౌంటీ ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి ఇవ్వాలి.

తుఫానుకు కరెంటు పోయినప్పుడు జనరేటర్‌కు చీకట్లో పోయాల్సి వస్తే?

2021 ఫిబ్రవరి మంచు తుఫానులోనూ, 2024 జూలైలో హ్యూస్టన్‌ను తాకిన బెరిల్ తుఫానులోనూ టెక్సాస్‌లోని చాలా ఇళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటప్పుడు నడుస్తున్న జనరేటర్‌లోనే పోసేయాలనిపిస్తుంది, ఎందుకంటే ఆపితే ఫ్రిజ్, రౌటర్ అన్నీ ఆగిపోతాయి. వేడి సైలెన్సర్ మీద పది చుక్కలు చాలు. ఆపి, పావుగంట చల్లారనిచ్చి, తలకు కట్టుకునే బ్యాటరీ దీపం వెలుతురులో పోయండి. కొవ్వొత్తి వెలుగులో పోయడం, ఫోన్ నోట్లో పట్టుకుని పోయడం రెండూ వద్దు. జనరేటర్‌ను గరాజ్ తలుపు తీసి ఉన్నా లోపల నడపకూడదు, ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో ఉంచాలి, ఎందుకంటే దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. జనరేటర్‌కు అయిదు గ్యాలన్ల క్యాన్ ఎత్తలేనివారు తుఫాను హెచ్చరిక రాగానే రెండు గ్యాలన్ల క్యాన్లు రెండు మూడు నింపుకోవడం మేలు.

నేల మీద ఒలికిపోయింది. ఏం చేయాలి?

ముందుగా గరాజ్ తలుపు తెరవండి. తలుపు మోటారు స్విచ్‌లో రవ్వ పుడుతుంది కనుక చేత్తో ఎత్తండి. పెంపుడు పిల్లుల మలమూత్రాల తొట్టెలో వాడే ఇసుకను (క్యాట్ లిటర్) మందంగా చల్లి, పీల్చుకున్నాక చీపురుతో ఎత్తి, మూత ఉన్న లోహపు డబ్బాలో పెట్టి ఆరుబయట ఉంచి, వ్యర్థాల కేంద్రానికి ఇవ్వండి. నీళ్లు కొట్టి వీధి కాలువలోకి పంపవద్దు. బట్టల మీద పడితే వాటిని ఆరుబయట పూర్తిగా ఆరనివ్వాలి. వాసన పోకముందే డ్రయర్‌లో వేస్తే డ్రయర్ అంటుకోవచ్చు.

నూనె కలిపిన పెట్రోలుతో నడిచే రెండు స్ట్రోకుల ట్రిమ్మర్‌కు (గడ్డి అంచులు కత్తిరించే యంత్రానికి) ఈ తంటా తప్పించుకునే దారి ఉందా?

ఉంది. నూనె ముందే కలిపిన, ఇథనాల్ లేని పెట్రోలు చిన్న తగరపు డబ్బాల్లో హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. గ్యాలన్ లెక్కన చూస్తే స్టేషన్ ధరకు ఎన్నో రెట్లు ఎక్కువ. ఏడాదికి రెండు డబ్బాలు వాడే ఇంటికి మాత్రం అది లాభమే. ఇంట్లోనే కలుపుకునేవారు 50:1 పాళ్లకు గ్యాలన్‌కు 2.6 ఔన్సుల నూనె పోసుకోవాలి, ఆ క్యాన్ మీద పెద్ద అక్షరాలతో రాసుకోవాలి.

అసలు పెట్రోలే లేకుండా గడ్డి కోయలేమా?

చిన్న స్థలాలకు బ్యాటరీ మోవర్లు ఇప్పుడు పూర్తిగా సరిపోతాయి. కాలిఫోర్నియాలో 2024 మోడల్ నుంచి కొత్తగా అమ్మే మోవర్లు, బ్లోయర్ల వంటి చిన్న యంత్రాలు పొగ వదలనివై ఉండాలన్న నియమం ఉంది, పాతవాటిని వాడుకోవడానికి అడ్డు లేదు. అరెకరం దాటిన స్థలం, తడి గడ్డి ఉన్నచోట బ్యాటరీలు మధ్యలో అలసిపోతాయి, రెండో బ్యాటరీ ధర దాదాపు మోవర్ ధరలో సగం ఉంటుంది. కొనేముందు మీ స్థలం ఒక్క చార్జింగ్‌తో పూర్తవుతుందో లేదో అదే కాలనీలో అదే మోవర్ వాడుతున్నవారిని అడిగి తెలుసుకోండి, ఎందుకంటే పెట్టె మీద రాసే నిమిషాలు పొడి గడ్డికి, కొత్త బ్యాటరీకి సంబంధించినవి.